ఎలక్ట్రాన్ ఇచ్చింది లోహమా, లిగాండా?

చెన్నై శివార్లలో కొన్నిచోట్ల బోరు నీళ్ళల్లో ఇనుము పాళ్ళు ఎక్కువ. ఆ నీళ్ళతో డికాషన్ పెడితే టీ ఎర్రగా దిగదు, సిరా కలిపినట్టు నల్లబడుతుంది. రాణిపేట, ఆంబూరు తోళ్ళ కార్ఖానాల్లో ఇదే ఇంకో రకంగా ఎదురవుతుంది. తంగేడు చెక్కతో పదును చేసిన తడి తోలుకు ఇనుప మేకు ఆనితే చాలు, నీలి నలుపు మచ్చ పడుతుంది. దాన్ని పోగొట్టడానికి ఆక్జాలిక్ ఆమ్లం పట్టుకు రావాల్సిందే. చెన్నైకి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న శ్రీకాళహస్తిలో మాత్రం ఆ నలుపునే కోరి తెచ్చుకుంటారు. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్ళతో కలం నడిపితే కలంకారీ నలుపు వస్తుంది.

మూడింటిలోనూ ఉన్న జోడీ ఒకటే: ఇనుము, దాన్ని పట్టుకున్న పాలీఫినాల్ (టీ ఆకు, చెక్క, కరక్కాయల్లోని వగరు పదార్థం). ఇలా లోహాన్ని పట్టుకునే అణువును లిగాండ్ అంటారు. పాఠ్యపుస్తకం దీన్ని రంగు పరీక్షగా చెప్పి వదిలేస్తుంది. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే ఫినాల్ రంగు మారుతుంది, అంతే. అక్కడ చెప్పనిది ఒకటుంది. గాలిక్ ఆమ్లం లాంటి పాలీఫినాల్ తన ఆక్సిజన్‌తో ఇనుమును పట్టుకుని ఊరుకోదు. ఒక ఎలక్ట్రాన్ ఇనుముకిచ్చి, దాని ఆక్సీకరణ స్థితిని (ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకుందో చెప్పే అంకెను) +3 నుంచి +2కు దింపి, తాను క్వినోన్ అనే ఆక్సీకరణం చెందిన రూపం వైపు జరుగుతుంది. ఇలా లోహంతో పాటు ఎలక్ట్రాన్ల ఇచ్చిపుచ్చుకోవడంలో పాల్గొనేదాన్నే రెడాక్స్ లిగాండ్ అంటున్నారు. డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త యోర్గెన్సెన్ 1966లో లిగాండ్లకు ‘అమాయకత్వం’ అనే కొలత పెట్టాడు. లోహం ఆక్సీకరణ స్థితి ఎంతో అనుమానం లేకుండా లెక్క తేల్చనిచ్చే లిగాండ్ అమాయకమైనది. అమ్మోనియా, నీరు, క్లోరైడ్ అలాంటివి. కాటెకోల్, అమినోఫినాల్, డైథయోలీన్, పోర్ఫిరిన్ అలాంటివి కావు.

ఈ తేడా పేరు పెట్టుకోవడానికి మాత్రమే పనికొచ్చేదైతే ఇంత రాయనక్కర్లేదు. ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్‌గా మార్చాలంటే దాని నుంచి రెండు ఎలక్ట్రాన్లు, రెండు ప్రోటాన్లు తీయాలి. పల్లాడియం, రోడియం లాంటి ఖరీదైన లోహాలు రెండేసి ఎలక్ట్రాన్ల అంగ సునాయాసంగా వేస్తాయి. రాగి, ఇనుము, కోబాల్ట్ ఎక్కువగా ఒక్కో ఎలక్ట్రాన్‌తోనే కదులుతాయి. ఒక ఎలక్ట్రాన్ తీసి ఆగిపోతే మధ్యలో మిగిలేది స్వేచ్ఛా రాడికల్, అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు. అది పక్కనున్న దేన్నైనా కరుస్తుంది, పాత్ర నిండా అక్కర్లేని సరుకు తయారవుతుంది. లారీ నీళ్ళ దగ్గర రెండు బిందెలు పట్టుకోవాల్సినప్పుడు ఒకటి చంకన, ఒకటి నెత్తిన పెట్టుకున్నట్టు, ఒక ఎలక్ట్రాన్ లోహం మీద, ఇంకొకటి లిగాండ్ మీద దిగితే చవక లోహంతోనే రెండు ఎలక్ట్రాన్ల పని జరుగుతుంది.

ఈ ఏర్పాటు ప్రకృతిలో ఎప్పటి నుంచో ఉంది. ఒక బూజు తయారుచేసే గాలక్టోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైములో ఒకే ఒక రాగి పరమాణువు ఉంటుంది. దాని చుట్టూ 496, 581 స్థానాల్లోని హిస్టిడిన్లు, 272, 495 స్థానాల్లోని టైరోసిన్లు అనే అమినో ఆమ్లాలు. 1991లో స్ఫటిక నిర్మాణం బయటపడినప్పుడు అందరినీ ఆశ్చర్యపరిచింది 272వ టైరోసిన్: దాని వలయానికి 228వ సిస్టీన్ గంధకం నేరుగా అతుక్కుని ఉంది. పనిచేసే స్థితిలో రాగి +2లో ఉంటుంది, ఈ టైరోసిన్ రాడికల్‌గా ఉంటుంది. ఆల్కహాల్ రాగి మీదికి వస్తుంది, 495వ టైరోసిన్ దాని ప్రోటాన్ తీసుకుంటుంది, రాడికల్ టైరోసిన్ కార్బన్ మీది హైడ్రోజన్‌ను లాగేస్తుంది, మిగిలిన ఎలక్ట్రాన్ రాగి మీదికి దిగి దాన్ని +1 చేస్తుంది, ఆల్డిహైడ్ వెళ్ళిపోతుంది. తర్వాత గాలిలోని ఆక్సిజన్ వచ్చి రెండు ఎలక్ట్రాన్లనూ తీసుకుని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారి, ఎంజైమును మొదటికి తెస్తుంది.

మామూలు టైరోసిన్‌ను తటస్థ నీటిలో రాడికల్ చేయాలంటే దాదాపు 0.95 వోల్టులు కావాలి. ఈ ఎంజైములో అది 0.4 నుంచి 0.45 వోల్టులకు దిగింది. సగానికి సగం తగ్గడంలో గంధకం అతుకుకూ, రాగికీ, చుట్టుపక్కల అమరికకూ పాలుంది. రాడికల్ మరీ కోపిష్ఠిగా ఉంటే ఎంజైమునే కాల్చుకుతింటుంది, మరీ మెతకగా ఉంటే హైడ్రోజన్‌ను లాగలేదు. ప్రయోగశాలలో లిగాండ్ తయారుచేసేవాళ్ళ కష్టమంతా ఈ మధ్య స్థానం దగ్గరే.

కాలేయంలోనూ ఉండే సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల కుటుంబానిది ఇదే కథ, ఇంకాస్త తీవ్రంగా. దాని కీలక మధ్యస్థ రూపం, కాంపౌండ్-1, 2010లో నికరంగా పట్టుబడింది. అందులో ఇనుము +5కు వెళ్ళదు. +4 దగ్గర ఆగి, మిగతా ఒక ఎలక్ట్రాన్ లోటును పోర్ఫిరిన్ వలయం మీద వేస్తుంది.

ఎంజైమును అనుకరించే రాగి ఉత్ప్రేరకాలు 1998లో రెండు చోట్ల నుంచి వచ్చాయి: స్టాన్‌ఫర్డ్‌లో స్టాక్ బృందం, జర్మనీలోని మ్యుల్‌హైమ్‌లో వీగార్ట్, చౌధురి బృందం. ఆ తర్వాత ఈ రంగంలోకి కొత్తగా దిగే విద్యార్థికి చేతికిచ్చే లిగాండ్ దాదాపు ఒకటే అయిపోయింది: 2-అనిలినో-4,6-డై-టెర్ట్-బ్యూటైల్ ఫినాల్. దీన్ని చేయడం వంటంత తేలిక. 10 మిల్లీమోల్ కొలతకు 3,5-డై-టెర్ట్-బ్యూటైల్ కాటెకోల్ 2.22 గ్రాములు, కొత్తగా స్వేదనం చేసిన అనిలిన్ 0.93 గ్రాములు, కొన్ని చుక్కల ట్రైఇథైలమీన్. హెప్టేన్‌లో కలిపి గది ఉష్ణోగ్రత వద్ద గాలి తగిలేలా కొన్ని రోజులు తిప్పితే తెల్లటి పొడి దిగుతుంది. వడగట్టి, చల్లటి హెక్సేన్‌తో కడగాలి. నూటికి నూరు వస్తే 2.97 గ్రాములు. గాలి ఎందుకు? కాటెకోల్ ముందు కొద్దికొద్దిగా క్వినోన్ అవుతుంది, అనిలిన్ దాని మీద సంఘననం చెందుతుంది, వచ్చిన ఇమినోక్వినోన్‌ను (ఒక ఆక్సిజన్ బదులు నైట్రోజన్ ఉన్న క్వినోన్) ఇంకో కాటెకోల్ క్షయకరించి తాను క్వినోన్ అవుతుంది. మూత బిగించి ఆర్గాన్ కింద పెట్టిన జాగ్రత్తపరుడి పాత్రలో ఏమీ దిగదు. పాత అనిలిన్ బ్రౌన్ రంగు తిరిగి ఉంటే ఆ రంగు లిగాండ్‌లోకీ వస్తుంది, ఎంత కడిగినా పోదు. టెర్ట్-బ్యూటైల్ గుంపులు ఉన్నది అలంకారానికి అనుకోకూడదు. రాడికల్ వచ్చినప్పుడు వలయాలు ఒకదానికొకటి అతుక్కునే చోట్లను అవి మూసేస్తాయి. ఖర్చు తగ్గుతుందని మామూలు 2-అమినోఫినాల్‌తో మొదలుపెడితే నల్లటి బంక మిగులుతుంది.

రాగి సమ్మేళనానికి ఈ లిగాండ్ 2 మిల్లీమోల్, అంటే 595 మిల్లీగ్రాములు. కాపర్ క్లోరైడ్ డైహైడ్రేట్ 1 మిల్లీమోల్, అంటే 170 మిల్లీగ్రాములు. ట్రైఇథైలమీన్ 4 మిల్లీమోల్, అంటే 0.56 మిల్లీలీటర్లు. మెథనాల్‌లోనో అసిటోనైట్రైల్‌లోనో గాలిలో తిప్పితే ముదురు ఆకుపచ్చ ఘనపదార్థం దిగుతుంది. ఇక్కడొక్కసారి ఆగి లెక్క వేసుకోవాలి. లిగాండ్ ఒక్కొక్కటి రెండు ప్రోటాన్లు, ఒక ఎలక్ట్రాన్ వదిలి ఇమినోక్వినోన్‌కు సగం దారిలో ఉన్న ఇమినోసెమీక్వినోన్ అనే రాడికల్‌గా రాగిని పట్టుకుంటుంది. మొత్తం నాలుగు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు. ఆ రెండు ఎలక్ట్రాన్లతో పాటు రెండు ప్రోటాన్లను ఆక్సిజన్ తీసుకుంటుంది, మిగతా రెండింటికి మాత్రమే క్షారం కావాలి. అంటే 4 మిల్లీమోల్ అన్నది రెట్టింపు. పని త్వరగా అవ్వాలని పోసేది. రాగి మాత్రం మొదలుపెట్టిన +2లోనే ఉంది. ‘గాలిలో ఆక్సీకరణం చెందింది’ అని వినగానే రాగి +3, +4 అని రాసేయడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు.

ఎలక్ట్రాన్ లిగాండ్ నుంచే పోయిందని ఎలా తెలుస్తుంది? అన్నిటికన్నా నమ్మదగ్గది స్ఫటికంలోని బంధాల పొడవు. ఎలక్ట్రాన్ ఇంకా పోని కాటెకోలేట్ రూపంలో కార్బన్-ఆక్సిజన్ బంధం దాదాపు 1.35 ఆంగ్‌స్ట్రామ్‌లు, సెమీక్వినోన్‌లో 1.29, క్వినోన్‌లో 1.22. అమినోఫినాల్ లిగాండ్లలో కార్బన్-నైట్రోజన్ బంధం ఇలాగే సుమారు 1.38, 1.34, 1.30గా తగ్గుతూ వస్తుంది. రెండు స్థితుల మధ్య తేడా 0.04 నుంచి 0.07 ఆంగ్‌స్ట్రామ్‌లు మాత్రమే కాబట్టి, కొలతలో అనిశ్చితి 0.01 దాటితే ఆ స్ఫటికంతో వాదన పెట్టుకోకపోవడమే మంచిది. గది ఉష్ణోగ్రత వద్ద అణువుల ఊగులాట వల్ల బంధాలు ఉన్నదానికన్నా పొట్టిగా కనిపిస్తాయి, సెమీక్వినోన్ కానిది సెమీక్వినోన్‌లా అగుపిస్తుంది. అందుకే 100 కెల్విన్ దగ్గర తీసిన దత్తాంశం అడుగుతారు. ఒకటి రెండు బంధాలు చూసి తేల్చడం కన్నా వలయంలోని బంధాలన్నిటినీ కలిపి ఒకే అంకెగా లెక్కగట్టే పద్ధతిని 2012లో రసాయన శాస్త్రవేత్త సేథ్ బ్రౌన్ ప్రతిపాదించాడు. ఆ అంకె -1కు దగ్గరగా వస్తే సెమీక్వినోన్, -2 అయితే పూర్తిగా క్షయకరించిన రూపం. -1.5 లాంటిది వస్తే చాలామంది దాన్ని ఏదో ఒక వైపు నెట్టేస్తారు. నిజానికి అప్పుడు ఎలక్ట్రాన్ ఇద్దరి మధ్యా పంచుకోబడిందని, లేదా రెండు రకాల లిగాండ్లు స్ఫటికంలో చోట్లు మార్చుకున్నాయని అర్థం. ఏదో తేల్చడానికి మరో సాక్ష్యం కావాలి.

ఆ మరో సాక్ష్యం ఎక్కువగా ఈపీఆర్, అంటే జత లేని, ఒంటరి ఎలక్ట్రాన్లను అయస్కాంత క్షేత్రంలో పట్టి చూపే కొలత. కర్బన రాడికల్ ఒక్కటే ఉంటే, సంకేతం పడే చోటును చెప్పే జీ విలువ 2.00 దగ్గర సన్నటి గీత వస్తుంది. రాగి +2 అయితే 2.2 వైపు విస్తరించిన సంకేతం, రాగి కేంద్రకపు స్పిన్ 3/2 కాబట్టి అందులో నాలుగు చీలికలు. పైన చెప్పిన ఆకుపచ్చ సమ్మేళనంలో రాగిది ఒకటి, లిగాండ్లవి రెండు, మొత్తం మూడు ఒంటరి ఎలక్ట్రాన్లున్నాయి. రెండు రాడికళ్ళూ ఒకదానితో ఒకటి జతకట్టేసి ఒకటే మిగులుతుంది. అదే లిగాండ్‌తో చేసిన చదునైన నికెల్ సమ్మేళనంలో ఒంటరి ఎలక్ట్రాన్ ఒక్కటీ మిగలదు, ఎన్ఎంఆర్‌లో (పరమాణు కేంద్రకాల సంకేతాలు చూసే కొలత) సాదా కర్బన సమ్మేళనంలా సూది గీతలిస్తుంది. రాడికల్ ఉంటే ఈపీఆర్‌లో కనిపించి తీరాలనుకునేవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. పనిచేసే గాలక్టోజ్ ఆక్సిడేజ్ కూడా ఈపీఆర్‌కు మౌనంగానే ఉంటుంది, రాగి స్పిన్, టైరోసిన్ స్పిన్ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల. సంకేతం బలంగా కనిపించిందంటే ఆ నమూనాలో సగం క్షయకరించిన, పనిచేయని రూపం ఉందన్నమాట.

ఐఐటీ మద్రాస్‌లోని సైఫ్ అనే పరికరాల కేంద్రం బయటి సంస్థల నమూనాలకు కూడా ఈపీఆర్, స్ఫటిక ఎక్స్-కిరణ కొలతలు చేసిపెడుతుంది. నమూనా పంపేవాళ్ళు ద్రావణి విషయంలో జాగ్రత్తపడాలి. ఘనీభవించినప్పుడు టోలుయీన్ గాజులా స్పష్టంగా బిగుసుకుంటుంది. అసిటోనైట్రైల్ స్ఫటికాలై నమూనాను గుంపులు చేసి గీతలను మసకబారుస్తుంది. రాగి సొంత స్థితిని సూటిగా అడగాలంటే ఎక్స్-కిరణ శోషణ కావాలి: రాగి +1 అయితే 8984 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక బలమైన శిఖరం, +2 అయితే 8979 దగ్గర చిన్న ముందస్తు శిఖరం. దేశంలో దానికి ఇందోర్‌లో ఇండస్-2 సింక్రోట్రాన్ అనే ఎక్స్-కిరణాలిచ్చే భారీ యంత్రం ఉంది. రంగు కొలిచే మామూలు యంత్రం కూడా కొంత చెబుతుంది. ఈ రాడికల్ సమ్మేళనాల బలమైన పట్టీలు 700 నుంచి 1000 నానోమీటర్ల మధ్య పడతాయి. 800 దగ్గరే స్కాన్ ఆపేస్తే కథలో సగం పోతుంది.

చెన్నై వాతావరణం ఈ పనికి చేసే అన్యాయం గురించి విడిగా చెప్పుకోవాలి. సైక్లిక్ వోల్టామెట్రీకి (వోల్టేజీని పైకీ కిందికీ తిప్పుతూ ప్రవాహాన్ని కొలిచే పద్ధతి) వాడే డైక్లోరోమీథేన్ 39.6 డిగ్రీలకు మరుగుతుంది, స్ఫటికాలకు వాడే ఈథర్ 34.6కే. మే నెలలో ఏసీ పడిపోయిన గదిలో ఈథర్ సీసా మూత తీయడమే ప్రమాదం. 5 మిల్లీలీటర్ల డైక్లోరోమీథేన్‌లో 1 మిల్లీమోలార్ నమూనా, 0.1 మోలార్ టెట్రాబ్యూటైలమోనియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ (194 మిల్లీగ్రాములు) కలిపి పది నిమిషాలు ఆర్గాన్ ఊదితే ద్రావణి ఎగిరిపోయి గాఢత పెరుగుతుంది, ప్రవాహం అంకెలన్నీ తప్పుతాయి. ఆర్గాన్‌ను ముందుగా ఇంకో సీసాలోని డైక్లోరోమీథేన్ గుండా పంపి, తడిసిన వాయువునే లోపలికి వదిలితే ఈ బెడద తీరుతుంది. వోల్టేజీకి కొలబద్దగా వాడే ఫెర్రోసీన్‌ను చివర్లో అదే పాత్రలో వేసి కొలవాలి, మర్నాడు వేరే పాత్రలో కొలిచి తీసేస్తే సరిపోదు.

ఈశాన్య రుతుపవనాల నెలల్లో బాధ తేమది. లిగాండ్ రాడికల్ స్థితి దాటి ఇంకో ఎలక్ట్రాన్ వదిలి ఇమినోక్వినోన్ అయిందంటే దాని కార్బన్-నైట్రోజన్ ద్విబంధం మీద నీరు దాడి చేస్తుంది. లిగాండ్ రెండుగా విడిపోయి అనిలిన్, డై-టెర్ట్-బ్యూటైల్ క్వినోన్ మిగులుతాయి. వోల్టామెట్రీలో ఇది మొదటి చక్రంలో తెలియదు. రెండో, మూడో చక్రంలో కొత్త తరంగంగా తలెత్తుతుంది. మొదటి చక్రం మాత్రమే బొమ్మలో పెట్టి ‘రివర్సిబుల్’ (చెడకుండా వెనక్కి వస్తుంది) అని రాసిన చోట అనుమానించడం తప్పు కాదు. మాస్ స్పెక్ట్రమ్‌తో కూడా జాగ్రత్త: విద్యుత్ పిచికారీలోని కొన్ని వేల వోల్టులు తామే సమ్మేళనాన్ని ఆక్సీకరించగలవు కాబట్టి, అక్కడ కనిపించిన రాడికల్ కేటయాన్ ద్రావణంలో కూడా ఉందనడానికి సాక్ష్యం కాదు.

ఉత్ప్రేరకం నిజంగా ఉత్ప్రేరకమేనా అన్నది తేల్చే ప్రయోగం బెంజైల్ ఆల్కహాల్ మీద చేస్తారు. 1 మిల్లీమోల్ ఆల్కహాల్‌కు (108 మిల్లీగ్రాములు) నూటికి ఒక వంతు సమ్మేళనం అంటే 6.5 మిల్లీగ్రాములు. ఒక్క సీసాతో దీన్ని చేయకూడదు. అన్నీ ఉన్నది ఒకటి, సమ్మేళనం లేకుండా క్షారం మాత్రమే ఉన్నది ఒకటి, ఉత్త కాపర్ క్లోరైడ్, క్షారం ఉన్నది ఒకటి, లోహం లేని లిగాండ్‌ది ఒకటి, ఆర్గాన్ కింద ఒకటి. వీటిలో ఎక్కువగా ఎగ్గొట్టేది మూడోది, ఎక్కువగా ఇబ్బంది పెట్టేదీ అదే. లిగాండ్ ఊడిపోయిన రాగి ఒంటరిగానే కొంత పని చేస్తుంది. ఆర్గాన్ సీసా చెప్పేది వేరు. గాలి లేనప్పుడు 0.01 మిల్లీమోల్ సమ్మేళనం దాదాపు 0.01 మిల్లీమోల్ ఆల్డిహైడ్ ఇస్తే, అణువుకు రెండు ఎలక్ట్రాన్ల జాగా ఉందని తేలినట్టు. సున్నా వస్తే ఆల్డిహైడ్ ఇంకో దారిన వస్తోందని అర్థం.

ఆక్సిజన్ నుంచి వచ్చిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను కొలిచేటప్పుడు జరిగే తప్పు మరీ తరచుగా కనిపిస్తుంది. పొటాషియం అయొడైడ్ వేసి పసుపు చూసి పెరాక్సైడ్ ఉందనేస్తారు. రాగి +2 తానే అయొడైడ్‌ను అయొడిన్‌గా మారుస్తుంది. అయొడిన్‌తో చేసే రాగి టైట్రేషన్ మొత్తం దాని మీదే నడుస్తుంది. క్వినోన్ కూడా ఆమ్లంలో అదే చేస్తుంది. టైటానియం ఆక్సీసల్ఫేట్ మేలు, 410 నానోమీటర్ల దగ్గర పసుపు ఇస్తుంది, కానీ క్వినోన్ రంగు కూడా 400 దగ్గరే. అందుకని ముందు డైక్లోరోమీథేన్‌తో కర్బన పదార్థాలన్నీ లాగేసి, నీటి పొరకు మాత్రమే పరీక్ష చేయాలి. వచ్చిన అంకె ఆల్డిహైడ్ కన్నా తక్కువ ఉంటే కంగారు అక్కర్లేదు, రాగి పెరాక్సైడ్‌ను విడగొడుతూనే ఉంటుంది. గ్యాస్ క్రోమటోగ్రఫీకి ముందు నమూనాను పొట్టి సిలికా దిమ్మె గుండా వడకట్టకపోతే, 250 డిగ్రీల ఇంజెక్టర్‌లో సమ్మేళనం మిగిలిన ఆల్కహాల్‌ను అక్కడికక్కడే ఆక్సీకరించి లేని దిగుబడి చూపిస్తుంది. బెంజాల్డిహైడ్ రాత్రికి రాత్రి గాలిలో బెంజోయిక్ ఆమ్లం అవుతుంది కనుక కొలత ఆ రోజే పూర్తి చేయాలి.

మన దేశపు పత్రాల్లో విరివిగా కనిపించే ఇంకో పరీక్ష ‘కాటెకోలేజ్ క్రియాశీలత’: డై-టెర్ట్-బ్యూటైల్ కాటెకోల్ క్వినోన్‌గా మారే వేగాన్ని 400 నానోమీటర్ల దగ్గర కొలవడం. చేయడం తేలిక, రంగు అందంగా పెరుగుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఆక్సీకరణం చెందే కాటెకోల్ తానే పక్కా రెడాక్స్ లిగాండ్. అది రాగి మీద ఉన్న అసలు లిగాండ్‌ను నెట్టేసి తానే కూర్చోగలదు. అప్పుడు కొలిచేది తయారుచేసిన సమ్మేళనం ప్రతిభను కాదు, రాగి ఉప్పు అలవాటును. ప్రయోగం చివర అసలు లిగాండ్ ఎంత మిగిలిందో చూపించని పత్రానికి పెద్ద విలువ ఇవ్వనక్కర్లేదు.

ఈ లెక్కంతా కలంకారీ నలుపుకూ వర్తిస్తుంది, ఈసారి నష్టం వైపు నుంచి. పాత బట్టల్లో నల్ల గీతలున్న చోటే ముందు చివికి చిల్లులు పడతాయి. ఇనుప సిరాతో రాసిన పాత దస్తావేజుల్లో అక్షరాలు ఊడి రాలినట్టే. ఇనుము +2 గాలిలోని ఆక్సిజన్ నుంచి పెరాక్సైడ్ పుట్టిస్తుంది. ఆ పెరాక్సైడ్‌తో మళ్ళీ కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ ఇస్తుంది, రసాయన శాస్త్రవేత్త ఫెంటన్ 1894లో టార్టారిక్ ఆమ్లం మీద చూపిన చర్య ఇదే జాతిది. హైడ్రాక్సిల్ రాడికల్ నూలు సెల్యులోజ్ గొలుసును తెంచుతుంది. ఇనుము +3 అయి ఇక్కడితో ఆగిపోవాలి. ఆగదు, ఎందుకంటే పక్కనున్న పాలీఫినాల్ దానికి మళ్ళీ ఎలక్ట్రాన్ ఇచ్చి +2 చేస్తుంది. రంగు తెచ్చిన లిగాండే చక్రాన్ని తిప్పుతుంటుంది.

పాత కాగితాలను కాపాడేవాళ్ళు దీనికి వాడేది కాల్షియం ఫైటేట్, తవుడులో దండిగా ఉండే ఫైటిక్ ఆమ్లం లవణం. బాథోఫినాంత్రోలిన్ పూసిన తడి పట్టీ ఆనించి, గులాబీ రంగు వస్తే కదిలే ఇనుము +2 ఉందని తెలుసుకుని, కాగితాన్ని ఫైటేట్ నీళ్ళల్లో ముంచి, తర్వాత ఆమ్లం విరగడానికి కాల్షియం బైకార్బనేట్‌లో ముంచుతారు. ఫైటేట్‌లోని ఫాస్ఫేట్లకు ఇచ్చే ఎలక్ట్రాన్ లేదు, ఇనుము మీద పెరాక్సైడ్ కూర్చునే ఖాళీ స్థానం కూడా మిగల్చవు. లోహాలను పట్టడానికి మామూలుగా వాడే లిగాండ్ ఈడీటీఏ ఇనుమును ఎంత గట్టిగా పట్టుకున్నా ఒక స్థానం నీటికి వదిలేస్తుంది కాబట్టి ఇక్కడ పనికిరాదు. గుడ్డ మీద ఇదే వైద్యం చేయబోతే కరక్కాయ పసుపు రంగు నీళ్ళల్లోకి దిగుతుందా, చివికిన పోగు తడి బరువును ఓర్చుకుంటుందా అన్నది ముందు ఒక మూల పరీక్షించి చూసుకోవాలి.